పెద్దవారి బీపీ: పై అంకెను ఎందుకు పట్టించుకోవాలి?

(పెదకూరపాడులో రోగుల కుటుంబ సభ్యుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో మన ఆసుపత్రి వైద్యుల ప్రసంగ పాఠం)

పొలం పనులు మానుకొని, కూలి పోగొట్టుకొని, మీ ఇంటి రోగికి తోడుగా వచ్చి కూర్చున్నారు. ఇంట్లో పెద్దవారికి మాత్ర చేతికిచ్చేది, అన్నం పెట్టేది, ఒంట్లో బాగాలేకపోతే ఆటో ఎక్కించి తీసుకొచ్చేది మీరే. అందుకే ఈ నాలుగు మాటలు రోగితో కాకుండా మీతోనే చెప్పాలనుకున్నాను.

ఆ మధ్య ఒక కోడలు తన మామగారిని తీసుకొచ్చింది. ఆయనకు 70 దాటాయి. ఇప్పటికీ మిర్చి తోటలో పని చేసుకునే మనిషి. ఆ రోజు తెల్లవారి లేచేసరికి కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట ముద్ద ముద్దగా వస్తోంది. బీపీ చూస్తే 182/76. "మాత్రలు వాడుతున్నారా అమ్మా?" అని అడిగాను. "వాడేవారండీ. నాలుగు నెలల కిందట ఊళ్లో చూపిస్తే, కింది బీపీ బాగానే ఉంది, పైది వయసును బట్టి ఉంటుందిలే అన్నారు. నూటికి వయసు కలుపుకుంటే సరిపోతుందట కదండీ! అందుకని మానేశాం" అంది.

ఆ అమ్మాయి నిర్లక్ష్యం చేసిందని నేను అనను. నూటికి వయసు కలపాలన్న లెక్క ఒకప్పుడు వైద్యులలో కూడా ఉండేది. అది తప్పని తర్వాత తేలింది. కానీ ఆ మాట ఇంకా మన ఊళ్లలో తిరుగుతూనే ఉంది. అది ఎందుకు తప్పో ఈ రోజు మీకు అర్థమయ్యేలా చెబుతాను. అర్థమైతే మీరే పది మందికి చెప్పగలరు.

రెండు అంకెలు దేనికి?

గుండె ముడుచుకొని రక్తాన్ని బయటకు తోసినప్పుడు రక్తనాళాలలో పోటు పెరుగుతుంది. ఆ పోటులో పై శిఖరమే పై అంకె. గుండె మళ్లీ నిండడానికి విశ్రాంతి తీసుకునే వేళకు పోటు తగ్గుతుంది. అలా తగ్గి ఆగిన చోటే కింది అంకె. 120/80 అంటే ఒక్కో గుండె దెబ్బకు పోటు 80 నుంచి 120కి లేచి, మళ్లీ 80కి దిగుతోందని అర్థం. నిమిషానికి 70 సార్లు అనుకుంటే రోజుకు సుమారు లక్ష సార్లు ఇలా లేచి దిగుతుంది. అంటే బీపీ అనేది ఒకచోట నిలబడి ఉండేది కాదు. అది ఒక అల.

నాడి అంటే రక్తం పరుగు కాదు

మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే వేలికి తగిలేది, గుండె నుంచి అప్పుడే బయలుదేరి వచ్చిన రక్తం అని చాలామంది అనుకుంటారు. అది కాదు. మన పెదకూరపాడు స్టేషనులో గూడ్సు బండి కదిలేటప్పుడు చూసే ఉంటారు. ఇంజను ఒక్క కుదుపు ఇస్తే, టకటకమంటూ ఆ కుదుపు పెట్టె నుంచి పెట్టెకు పాకి చివరి పెట్టె దాకా క్షణాల్లో చేరుతుంది. ఒక్కొక్క పెట్టె మాత్రం జానెడే కదిలి ఉంటుంది.

మన ఒంట్లోనూ అంతే. గుండె దెబ్బకు బృహద్ధమని, అంటే గుండె నుంచి బయలుదేరే అతి పెద్ద రక్తనాళం, కొంచెం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు అలగా నాళాల వెంట పాకిపోతుంది. బృహద్ధమనిలో రక్తం సగటున సెకనుకు ఒక అడుగు కూడా కదలదు. కానీ ఆ అల, ఆరోగ్యంగా ఉన్న పడుచువారిలో సెకనుకు 5, 6 మీటర్లు పోతుంది. వేలికి తగిలే నాడి ఆ అలే.

స్ప్రేయరు చెప్పే పాఠం

మీరు వీపుకు తగిలించుకొని చేత్తో కొట్టే స్ప్రేయరును గుర్తు చేసుకోండి. చెయ్యి ఆగి ఆగి కొడుతుంది. మందు మాత్రం ఆగకుండా తుంపరగా పడుతూనే ఉంటుంది. ఎందుకని? లోపల ఒక చిన్న గది ఉంది. చెయ్యి నొక్కినప్పుడు ఆ గదిలోని గాలి నొక్కుకుంటుంది. చెయ్యి ఎత్తినప్పుడు అదే గాలి విప్పుకొని మందును ముందుకు తోస్తుంది. ఆ గది పాడైతే మందు ఒకసారి చిమ్ముతుంది, ఒకసారి ఆగుతుంది.

బృహద్ధమని మనకు ఆ గది వంటిది. గుండె కొట్టినప్పుడు సాగుతుంది. గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడు మళ్లీ దగ్గరకు వచ్చి రక్తాన్ని ముందుకు పంపుతుంది. ఈ పోలిక నేను కనిపెట్టింది కాదు. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే క్రైస్తవ గురువు ఉండేవారు. గుర్రం ధమనిలో గొట్టం అమర్చి, రక్తం ఆ గొట్టంలో 8 అడుగులకు పైగా లేవడం ఆయన చూశారు. 1733లో ఆ సంగతి పుస్తకంగా అచ్చు వేశారు. ధమనుల సాగుడు గుణాన్ని ఆ రోజుల్లో మంటలార్పే పంపులోని గాలి గదితో ఆయనే పోల్చారు. మన స్ప్రేయరులో ఉన్నది కూడా ఆ పద్ధతే.

వెళ్లిన అల తిరిగి వస్తుంది

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పశువుల నీళ్ల తొట్టి దగ్గర ఒక చివర నిలబడి, అరచేత్తో నీటిని ఒక్కసారి ముందుకు తోయండి. అల అవతలి గోడకు వెళ్లి తగులుతుంది, వెనక్కి తిరిగి వస్తుంది. అది మీ దగ్గరకు వచ్చే వేళకు మీరు చేతులు తీసేసి ఉంటే గొడవ లేదు. సరిగ్గా అది వచ్చే క్షణంలోనే మీరు మళ్లీ తోస్తే? రెండు అలలూ కలిసి నీరు ఎత్తుగా లేచి మీ చేతి మీదే పడుతుంది.

రక్తనాళాలలో అల కూడా ఇలాగే తిరిగి వస్తుంది. పెద్ద ధమని కొమ్మలుగా చీలే చోట, సన్నని నాళాలు మొదలయ్యే చోట అలలో కొంత భాగం వెనక్కి మళ్లుతుంది. ఇది జబ్బు కాదు, అందరిలోనూ జరిగేదే. అది ఏ వేళకు తిరిగి వస్తుందన్నదే ముఖ్యం.

చిన్న లెక్క వేద్దాం. గుండెకు అర మీటరు దూరంలో అల వెనక్కి తిరిగిందనుకోండి. పోను, రాను కలిపి 1 మీటరు. అల సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతే, తిరిగి రావడానికి 0.2 సెకను పడుతుంది. గుండె రక్తాన్ని తోసే సమయం మొత్తం సుమారు 0.3 సెకను. అంటే గుండె తన పని చాలావరకు ముగించుకునే వేళకు అల వస్తుంది. ఆ తర్వాత మిగిలిన పోటు గుండె విశ్రాంతి వేళలో, గుండె కండరానికే రక్తం అందడానికి సాయపడుతుంది. సృష్టికర్త ఏర్పాటు ఎంత చక్కగా ఉందో చూడండి.

నాళం గట్టిపడితే ఏమవుతుంది?

మెత్తటి పరుపును ఒక చివర తడితే రెండో చివర తెలియదు. చెక్క బల్లను తడితే అవతలి చివర వెంటనే తెలుస్తుంది. గట్టి వస్తువులో అల వేగంగా పోతుంది. వయసు, ఎక్కువ కాలం అదుపు లేని బీపీ, షుగరు, పొగాకు, కిడ్నీ జబ్బు, ఇవన్నీ ధమని గోడలను గట్టిపరుస్తాయి. అప్పుడు అల వేగం సెకనుకు 10 మీటర్లు దాటవచ్చు. మన లెక్క ప్రకారం అది 0.1 సెకనులోనే తిరిగి వచ్చేస్తుంది. గుండె ఇంకా బలంగా తోస్తూ ఉండగానే ఎదురొచ్చి తగులుతుంది. తిరిగి వచ్చే అల ఒక్కటే కారణం కాదు. సాగే గుణం తగ్గిన నాళంలో వెళ్లే అల కూడా పెద్దదిగానే లేస్తుంది. ఈ రెండూ కలిసి పై అంకెను పెంచుతాయి.

మరి కింది అంకె? గాలి గది పాడైన స్ప్రేయరులో చెయ్యి ఎత్తగానే మందు ఆగినట్టు, గుండె విశ్రాంతి వేళలో పోటును నిలబెట్టే సాగుడు లేక కింది అంకె పడిపోతుంది. కాబట్టి పెద్దవారిలో 182/76 అని కనిపిస్తే, "కిందిది బాగుంది" అని సంతోషించకూడదు. రెండు అంకెల మధ్య దూరం పెరిగిందంటే, పెద్ద నాళం గట్టిపడిందని అది మనకు చెబుతోంది.

దీనివల్ల మూడు చోట్ల నష్టం. ఎదురొచ్చే పోటుతో పోరాడి గుండె కండరం మందమవుతుంది, చివరకు అలసిపోతుంది. మెదడు, కిడ్నీలు ఎప్పుడూ ఎక్కువ రక్తం తీసుకునే అవయవాలు. పెద్ద నాళం మెత్తగా ఉండి అణచవలసిన దెబ్బ అక్కడి సన్నని నాళాల దాకా పోయి వాటిని పాడు చేస్తుంది. పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం అందుకే వస్తాయి.

పై అంకెను తగ్గిస్తే నిజంగా మేలుందా? ఉంది. అమెరికాలో 60 ఏళ్లు దాటి, పై అంకె 160 లేదా అంతకు మించి, కింది అంకె 90 లోపు ఉన్న 4,700 మందికి పైగా జరిపిన పరిశోధన ఫలితాలు 1991లో వచ్చాయి. మందులు ఇచ్చినవారిలో పక్షవాతం 36 శాతం తగ్గింది. బీపీ ఎక్కువగా ఉన్న 80 ఏళ్లు పైబడినవారికి కూడా చికిత్స మేలు చేస్తుందని 2008లో మరో పెద్ద పరిశోధన చూపింది. కనుక వయసును బట్టి ఉంటుందిలే అని వదిలేయడానికి ఇప్పుడు ఆధారం లేదు.

మన తెలుగు పల్లెల్లో తేలిన సంగతి

బీపీ, గుండెజబ్బు పట్నం వారివని కొందరు అనుకుంటారు. 2003-04లో గోదావరి ప్రాంతంలోని 45 గ్రామాలలో, సుమారు 1,80,000 జనాభాలో, ఎవరు ఏ కారణంతో చనిపోయారో పరిశీలించారు. ప్రతి 100 మరణాలలో 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అవి పట్నాలు కావు, మన ఊళ్ల వంటి ఊళ్లే.

ఇంకొక సంగతి ఇక్కడి అమ్మలు, అత్తలు ప్రత్యేకంగా వినాలి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 గ్రామాలలో, జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో ఒక ప్రయత్నం జరిగింది. 15 గ్రామాలలో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు రోజూ అదనంగా ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో వండిన ఉప్మా అది. మిగిలిన 14 గ్రామాలలో ఆ కార్యక్రమం అప్పటికి మొదలు కాలేదు.

పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవారయ్యాక, రెండు రకాల గ్రామాల వారినీ పిలిచి పరీక్షించారు. మొత్తం 1,165 మంది. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు. బీపీలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కానీ నాడి అలను పరికరంతో నమోదు చేసి, తిరిగి వచ్చే అల పోటును ఎంత పెంచుతోందో చూస్తే, ఉప్మా తిన్న గ్రామాల పిల్లలలో ఆ కొలత 3.3 శాతం తక్కువగా ఉంది. అంటే వారి ధమనులు కాస్త మెత్తగా ఉన్నాయి. బీపీ పట్టీకి అందని తేడా అలలో అందింది.

ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు, తేడా కూడా పెద్దది కాదు. అయినా ఆలోచించవలసిన విషయమే. ధమని గోడలకు సాగే గుణమిచ్చే పదార్థం ఎక్కువగా తల్లి కడుపులోనూ, పసితనంలోనూ తయారవుతుంది. తర్వాత పెద్దగా కొత్తది రాదు. కాబట్టి ఇంట్లో గర్భిణి అయిన కోడలికి కడుపునిండా మంచి తిండి పెట్టడం, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఆమే తినేలా చూడడం, పుట్టబోయే బిడ్డ రక్తనాళాలకు కూడా మేలే.

మీరు చేయవలసినవి

1. బీపీ సరిగ్గా చూపించండి. నడిచి రాగానే చూడకూడదు. 5 నిమిషాలు కూర్చోనివ్వాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, చుట్ట, బీడీ వద్దు. చూసేటప్పుడు మాట్లాడకూడదు. రెండుసార్లు చూసి, రెండు అంకెలూ తేదీతో పుస్తకంలో రాయండి. "నార్మల్" అని మాత్రం రాస్తే మాకు ఉపయోగం లేదు.

2. పై అంకె పదేపదే 140 లేదా అంతకు మించి వస్తుంటే, కింది అంకె ఎంత ఉన్నా డాక్టరుకు చూపించండి. ఇంట్లో మిషనుతో చూసుకునేవారు 135 దాటితే చూపించండి.

3. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. "పైది తగ్గిస్తే కిందిది ఇంకా పడిపోదా?" అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. కొంత తగ్గుతుంది. అందుకే పెద్దవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతాం. కూర్చున్నప్పుడే కాకుండా నిలబడినప్పుడు కూడా బీపీ చూస్తాం. లేచినప్పుడు కళ్లు తిరిగినా, తూలినా వెంటనే వచ్చి చెప్పండి, మోతాదు మారుస్తాం. మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవనివ్వకండి. కాసేపు కూర్చోబెట్టి లేపండి. పక్కింటివారి మాత్ర ఇవ్వకండి. బీపీ మందులన్నీ ఒకటే కావు.

4. ఉప్పు తగ్గించండి. గుంటూరు, పల్నాడు వాళ్లం కాబట్టి కారం మానాలేమోనని భయపడతారు. ఇక్కడ నేను అడిగేది కారం సంగతి కాదు, ఉప్పు సంగతి. ఆవకాయ, గోంగూర నిల్వ పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండు చేపలు, వీటిలో దాగి ఉన్నది ఉప్పే. రోజుకు మనిషికి అన్నిటిలో కలిపి 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. మజ్జిగలో వేసుకునే ఉప్పు కూడా ఆ లెక్కలోదే.

5. చుట్ట, బీడీ, సిగరెట్టు మానిపించండి. పొగ తాగిన కాసేపటికే ధమనులు బిగుసుకుంటాయి. గుట్కా, ఖైనీ కూడా వద్దు. షుగరు ఉంటే అదుపులో ఉంచండి. రోజూ అరగంట నడవనివ్వండి.

6. ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలు రోజూ వేయకండి. వాటిలో చాలావరకు బీపీని పెంచుతాయి, కిడ్నీలకూ చెరుపు చేస్తాయి.

7. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా ఆ గంటలోనే 108కు ఫోన్ చేయండి. ఆ లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గడియారం చూసి గుర్తు పెట్టుకోండి. గడ్డను కరిగించే ఇంజక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. పసరు మందని వేరే ఊరు తీసుకెళ్లకండి. బీపీ మాత్ర నాలుక కింద పెట్టకండి.

చివరి మాట

మొదట చెప్పిన ఆ పెద్దాయన ఇప్పుడు ఇంటి దగ్గర ఉన్నారు. చెయ్యి చాలావరకు తిరిగి వచ్చింది. మాట ఇంకా పూర్తిగా స్పష్టం కాలేదు. కోడలు పాత నోటు పుస్తకంలో రోజూ బీపీ రాస్తోంది. పోయినసారి తెచ్చి చూపించినప్పుడు పై అంకె 138 ఉంది. "ముందే తెలిస్తే మానేవాళ్లం కాదండీ" అంది. ఆ ఒక్క మాట కోసమే ఈ రోజు మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను. ఇప్పుడు మీకు తెలిసింది. ఇంటికి వెళ్లాక మీ పక్కింటి పెద్దాయనకు, ఎదురింటి అవ్వకు కూడా చెప్పండి.

దేహము దేవుని ఆలయమని మనం నమ్ముతాం. ఆలయాన్ని శుభ్రంగా ఉంచుకోవడం ఎలా ఆరాధనలో భాగమో, పెద్దల ఆరోగ్యాన్ని కనిపెట్టుకొని చూడడం కూడా అలాగే భక్తిలో భాగం. మీ ఇంటి రోగులకు ప్రభువు త్వరలో స్వస్థత ననుగ్రహించును గాక. వారిని చూసుకునే మీకు ఓపికను, బలాన్ని దయచేయును గాక. ప్రశ్నలు ఉన్నవారు మొహమాట పడకుండా అడగండి. ఇక్కడే బీపీ చూసే ఏర్పాటు చేశాం. పెద్దవారిని తీసుకొచ్చినవారు వెళ్లే ముందు చూపించుకొని, రెండు అంకెలూ రాయించుకొని వెళ్లండి.